స్వరాక్షరం: అచ్చులా, సరిగమలా, ఆటా?

చంద్రగిరి_గళ్ళనుడి
అందరికీ నమస్కారం. ఆదివారం గళ్ళ నుడికట్టులో ఒక ఆధారం ఇంట్లో పెద్ద గొడవకే దారి తీసింది. "పలికే అక్షరం, పాడే చోటు రెండూ ఒకటే (4)" అని ఉంది. "స్వరాక్షరం" అని నింపితే స్వ, రా, క్ష, రం నాలుగు గళ్ళలో సరిగ్గా కూర్చుంది, నిలువు మాటలు కూడా కుదిరాయి. గొడవల్లా అర్థం దగ్గరే. స్వరం అంటే వ్యాకరణంలో అచ్చు, కాబట్టి స్వరాక్షరాలంటే అ ఆ ఇ ఈలు అని మా మామగారు. మా ఆవిడ చిన్నప్పుడు సంగీతం నేర్చుకుంది. "అది కాదు, స రి గ మ అక్షరాలు పాట మాటల్లో రావడం" అంటుంది. నేను మధ్యలో ఇరుక్కున్నాను. సంగీతం తెలిసినవాళ్ళు కాస్త తేల్చి పెట్టండి. వీలైతే ఉదాహరణలు కూడా ఇవ్వండి, మా మామగారు ఉదాహరణ లేనిదే ఒప్పుకోరు.

పీలేరు_ఐవారు
మీ మామగారి మాట కొట్టిపారేసేది కాదు. వ్యాకరణంలో అచ్చులకు స్వరాలని పేరుంది, మేం బడిలో అలాగే చెప్పాం. సంగీతంలో స్వరం వేరు. "తనంతట తానే వినేవాడి మనసును రంజింపజేసేది స్వరం" అని 13వ శతాబ్దంలో శార్ఙ్గదేవుడు సంగీత రత్నాకరంలో చెప్పాడు. ఆధారంలో "పాడే చోటు" అని ఉంది కాబట్టి మీ ఆవిడ వైపే మొగ్గు. మిగతాది సంగీతం వాళ్ళు చెప్పాలి.

అలిపిరి_అబ్బోడు
మామగారిని ఓడించిన కేసులో సాక్ష్యం చెప్పేదానికి ఎవరూ రారన్నా. నేను మాత్రం పాప్‌కార్న్ పట్టుకుని కూర్చున్నా.

వీణ_టీచర్_తిరుపతి
గళ్ళనుడి గారూ, మీ ఆవిడ చెప్పింది ముప్పాతిక భాగం సరి. ఒక్క పాతిక మిగిలింది, అసలు సంగతి దాంట్లోనే ఉంది.

స, రి, గ, మ, ప, ద, ని అంటే వరుసగా షడ్జం, ఋషభం, గాంధారం, మధ్యమం, పంచమం, ధైవతం, నిషాదం అనే స్వరాలు. పాట మాటల్లో ఈ అక్షరాలు ఉంటే చాలదు. "ప" అనే అక్షరాన్ని పంచమం మీదే పాడాలి, "మ" అనే అక్షరం మధ్యమం మీదే పడాలి. అప్పుడే అది స్వరాక్షరం. సాహిత్యం పాడినా, స్వరం పాడినా ఆ చోట నోట్లో ఒకే అక్షరం పలుకుతుంది.

మా ఇంటికి వచ్చే పిల్లలు కూడా మొదట్లో ఇక్కడే బోల్తా పడతారు. అందరికీ తెలిసిన మోహన రాగంలోని గీతం తీసుకోండి, "వరవీణా మృదుపాణి". స్వరం గగ పాపా దప సాసా. "పాణి"లో పా అక్షరం ఉంది కదా అని ఒక పిల్ల గబుక్కున చెయ్యెత్తుతుంది. ఆ "పా" పడింది షడ్జం మీద, పంచమం మీద కాదు. కాబట్టి లెక్కలోకి రాదు. మోహన వర్ణం "నిన్నుకోరి" ఇంకా తమాషా. "ని"తోనే మొదలవుతుంది, కానీ మోహనంలో నిషాదమే లేదు! ఆ "ని" గాంధారం మీద మొదలవుతుంది.

కుదిరిన చోటు కావాలంటే ముత్తుస్వామి దీక్షితుల "సదాశ్రయే" చూడండి. చామరం రాగం. షడ్జం మీద "స", ధైవతం మీద "దా". కీర్తన గుమ్మంలోనే స్వరాక్షరం.

చంద్రగిరి_గళ్ళనుడి
ఇది మామగారికి చదివి వినిపించాను. "ధైవతం అంటే ధ, ఒత్తు ఉంది. సదాలో ఒత్తు ఎక్కడ?" అన్నారు. ఇప్పుడేం చెప్పమంటారు?

వీణ_టీచర్_తిరుపతి
మామగారు గట్టివారే. స్వరం పేరు ధైవతం, నిజమే. కానీ మనవైపు పాడేటప్పుడు "ద" అనే పాడతాం, మన స్వరలిపి పుస్తకాల్లో కూడా ఎక్కువ చోట్ల "ద" అనే అచ్చేస్తారు. హిందుస్తానీ వాళ్ళు "ధ" అని ఒత్తి పలుకుతారు. దీక్షితుల వారే "ద" అక్షరాన్ని ధైవతం మీద పెట్టాక మనం ఒత్తు దగ్గర పట్టుబట్టనక్కర్లేదు.

ఇంకో ముక్క. అచ్చంగా అదే అక్షరం, అదే స్వరం అయితే శుద్ధ స్వరాక్షరం అంటారు. హల్లు అదే ఉండి గుణింతం మారితే, అంటే షడ్జం మీద "సు", "సి" లాంటివి, పంచమం మీద "పు" లాంటివి వస్తే సూచిత స్వరాక్షరం. రెండోది కాస్త ఉదారమైన లెక్క.

చిత్తూరు_కీబోర్డ్
టీచర్ గారు చెప్పినదానికి ఆర్కెస్ట్రా వైపు నుంచి ఒక మాట. మేం కొత్త పాటకి నొటేషన్ రాసుకునేటప్పుడు మాటల కింద స్వరాలు వేస్తాం. పైన "మా", కింద "మ" ఒకే గడిలో పడితే అదో చిన్న మజా. వినేవాళ్ళలో చాలామందికి తెలియదు, పక్కన వాయించేవాడు మాత్రం తల తిప్పి చూస్తాడు.

అలిపిరి_అబ్బోడు
అయితే హోటల్లో "ఒక సాదా" అని కేకేసేవాడు షడ్జం మీద సా, ధైవతం మీద దా పెడితే శుద్ధ స్వరాక్షర దోసా? బస్టాండు దగ్గర ఒకాయన ఉండాడు, నిజంగానే "దా" పైకి లేపి పాడతాడు.

పుత్తూరు_అమ్మాయి
😂 ఇదేదో ఆటలా ఉంది. స రి గ మ ప ద ని, పొడుగు పెట్టినా సరే, ఈ ఏడు అక్షరాలతోనే అర్థం ఉన్న తెలుగు మాటలు ఎవరెన్ని చెప్తారు? నాది: సరిగ. పట్టుచీర అంచులో జరీ అంటామే, దాన్ని మా అవ్వ సరిగ అనే అంటుంది. సరిగంచు చీర. స, రి, గ వరుసగా మూడు స్వరాలు, ఇంతకంటే బోణీ ఏం కావాలి?

పీలేరు_ఐవారు
శుభం. నేనూ దిగుతున్నాను. పరిగ. కోత అయిపోయాక చేలో రాలిపోయిన కంకులు ఏరుకుంటారు కదా, వాటిని పరిగ అంటారు. ఈ కాలం పిల్లలకి మిషన్ కోత తప్ప పరిగ తెలియకపోవచ్చు. ఇంకోటి గరిమ, అష్టసిద్ధుల్లో ఒకటి. మూడోది మానిని.

చిత్తూరు_కీబోర్డ్
దాసరి. ద, స, రి. వాయించి చూడండి, మోహనంలో పై షడ్జం దగ్గర దాసరి అని పలికినట్టే ఉంటుంది.

చంద్రగిరి_గళ్ళనుడి
నిగనిగ. మా తోటలో మామిడికాయలు చూస్తే వచ్చిన మాట. మాగాణి కూడా చెప్పాలనుకున్నాను.

పీలేరు_ఐవారు
మాగాణి చెల్లదు నాయనా. అది ణ, న కాదు. స్వరాల్లో ఉన్నది నిషాదం, "ని". మీ మామగారు చూశారంటే వదలరు.

చంద్రగిరి_గళ్ళనుడి
చూశారు. వదల్లేదు.

అలిపిరి_అబ్బోడు
మాటలేంది సామీ, నేను ఏకంగా వాక్యమే ఇస్తున్నా. "మా మామగారి పని సరి." మా, మా, మ, గా, రి, ప, ని, స, రి. తొమ్మిది అక్షరాలు, ఒక్కటీ బయటిది లేదు. గళ్ళనుడి అన్నకి అంకితం.

పుత్తూరు_అమ్మాయి
ఇది ఫ్రేమ్ కట్టించాలి.

వీణ_టీచర్_తిరుపతి
నవ్వాపుకోలేకపోయాను. ఆటకి అడ్డు చెప్పను గానీ, మీరు పోగేస్తున్నవి స్వరాల అక్షరాలతో మాటలు. స్వరాక్షరం కావాలంటే వాటిని ఆ స్వరాల మీద పాడి వినిపించాలి, పాడితే వినబుద్ధి కావాలి. తేడా చాలా పెద్దది. కాగితం మీద ఎవరైనా పేర్చగలరు.

పీలేరు_ఐవారు
ఇది పెద్దవాళ్ళు ఆడిన ఆటే. ముత్తుస్వామి దీక్షితుల తండ్రి రామస్వామి దీక్షితులు తోడి రాగంలో "సరిగాని దాని" అని ఎత్తుకుని, సాహిత్యమంతా సరిగమ అక్షరాలతోనే నడిపిన రచన ఒకటి ఉంది. పైగా తెలుగులో. సుబ్బరామ దీక్షితులు 1904లో ఎట్టయపురంలో తెలుగు లిపిలో అచ్చువేయించిన సంగీత సంప్రదాయ ప్రదర్శినిలో చూడొచ్చు. ఆ ఇంటివాళ్ళందరికీ అక్షరాలతో ఆడుకోవడం వెన్నతో పెట్టిన విద్య.

ముత్తుస్వామి దీక్షితులు మొదటి కీర్తన తిరుత్తణిలో చేశారని సంప్రదాయం. ఆ తిరుత్తణి 1960 దాకా మన చిత్తూరు జిల్లాలోదే, తర్వాత మద్రాసు రాష్ట్రంలోకి పోయింది. కాబట్టి ఆయన కలం మన జిల్లాలోనే మొదలైందని నేను ఎప్పుడూ చెప్పుకుంటాను. కాదన్నవాళ్ళు 1960కి ముందు మ్యాపు తెచ్చుకోండి.

పుత్తూరు_అమ్మాయి
తిరుత్తణి మాకు గంట దూరం కూడా లేదు, ఇన్నాళ్ళూ ఈ సంగతి తెలియదు. ఐవారూ, ఆయన ఇంకేం ఆటలు ఆడారు?

పీలేరు_ఐవారు
ఆనందభైరవిలో "త్యాగరాజ యోగ వైభవం" ఉంది. ఆ మాటల్లోంచే ముందు అక్షరాలు రాల్చుకుంటూ పోతారు. త్యాగరాజ యోగ వైభవం, అగరాజ యోగ వైభవం, రాజయోగ వైభవం, యోగ వైభవం, వైభవం, భవం, వం. ఆవు తోకలా పోనుపోను సన్నబడుతుంది కాబట్టి దీన్ని గోపుచ్ఛ యతి అంటారు. తమాషా ఏమిటంటే ఎక్కడ కోసినా మాటకి అర్థం చెడదు. "వం" ఒక్కటే మిగిలినా అది బీజాక్షరం.

తాళ్ళపాక_తట్టు
మంచి చర్చ. మరి మన అన్నమయ్యను వదిలేశారేం? తిరుపతిలో కూర్చుని దీక్షితుల గురించి మాట్లాడటం ఏం న్యాయం? ఆయన కీర్తనల్లో స్వరాక్షరాలు బోలెడు ఉన్నాయని ఒక ఉపన్యాసంలో విన్నాను.

వీణ_టీచర్_తిరుపతి
ఇక్కడ కొంచెం జాగ్రత్తగా మాట్లాడుకుందాం. అన్నమాచార్యులు 1408లో పుట్టి 1503లో పోయారు. ఆయన కీర్తనలు రాగి రేకుల మీద దొరికాయి. రేకు మీద రాగం పేరు ఉంటుంది, కింద సాహిత్యం ఉంటుంది. మనం పాడుకునే ఆ కీర్తనలకి స్వరాలు రాసి లేవు. ఈ రోజు మనం వినే బాణీలు రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ గారు, నేదునూరి కృష్ణమూర్తి గారు లాంటి పెద్దలు తర్వాత కట్టినవి. కాబట్టి ఒక కీర్తనలో "పద" అనే మాట పంచమ ధైవతాల మీద పడితే ఆ చమత్కారం బాణీ కట్టినవారిది. ఏ అక్షరం ఏ స్వరం మీద పడాలని అన్నమయ్య అనుకున్నారో చెప్పడానికి రేకు మీద సాక్ష్యం లేదు.

ఆయన సాహిత్యంలో మాటల ఆట లేదని కాదు సుమా. ప్రాసలు, యతులు, జానపదుల పలుకుబడులు కోకొల్లలు. కానీ స్వరాక్షరానికి స్వరం కూడా సాక్ష్యం చెప్పాలి.

తాళ్ళపాక_తట్టు
ఒప్పుకోబుద్ధి కావడం లేదు గానీ లాజిక్ కరెక్టే. మరి త్యాగయ్య గారి హిందోళం? "సామజవరగమన" అనుపల్లవిలో "సామ నిగమజ" అని ఉంది. సా, మ, ని, గ, మ. ఐదూ స్వరాల అక్షరాలే, ఐదూ హిందోళంలో ఉన్న స్వరాలే.

వీణ_టీచర్_తిరుపతి
అక్షరాల వరకు మీ మాట నిజం. పైగా సామవేదం గురించి చెప్పేచోట అవి వచ్చి చేరడం చూస్తే ముచ్చటేస్తుంది. స్వరాక్షరమా కాదా అన్నది మాత్రం నొటేషన్ పుస్తకం ముందు పెట్టుకుని, ఒక్కొక్క అక్షరం కింద ఏ స్వరం ఉందో చూసి చెప్పాలి. మీకు పాఠం ఉంటే పాడుతూ చూసుకోండి, మీ నోరే మీకు తీర్పు చెప్తుంది.

చిత్తూరు_కీబోర్డ్
మధ్యలో ఒక సందేహం. అసలు ఈ స రి గ మ అనే పొట్టి పేర్లు ఎలా వచ్చాయి? ఇంగ్లీషు వాళ్ళ డో రే మీ లాగేనా?

పీలేరు_ఐవారు
మనవి స్వరాల పూర్తి పేర్ల మొదటి అక్షరాలు. షడ్జం, ఋషభం, గాంధారం, మధ్యమం, పంచమం, ధైవతం, నిషాదం. షడ్జం అంటే ఆరింటి నుంచి పుట్టింది. ముక్కు, గొంతు, రొమ్ము, అంగిలి, నాలుక, పళ్ళు, ఈ ఆరు చోట్లా తగిలి పుడుతుందని పాత శిక్షా గ్రంథాల మాట. ఇంకొక వ్యాఖ్య ప్రకారం మిగిలిన ఆరు స్వరాలకి తల్లి కాబట్టి షడ్జం. మధ్యమం నడిమిది. పంచమం ఐదోది.

జంతువుల లెక్క కూడా ఉంది. నెమలి షడ్జం పలుకుతుందట, ఎద్దు ఋషభం, మేక గాంధారం, క్రౌంచ పక్షి మధ్యమం, కోయిల పంచమం, గుర్రం ధైవతం, ఏనుగు నిషాదం. మా చిన్నప్పుడు అమరకోశంలో "నిషాదర్షభ గాంధార" అని శ్లోకం బట్టీ పట్టించారు. ఏనుగు ఘీంకారం నిషాదంలో ఉంటుందా అని నాకు ఎప్పుడూ అనుమానమే. కుప్పం, పలమనేరు వైపు పొలాల మీద పడే ఏనుగుల గుంపుని అడిగి చూడాలి.

పుత్తూరు_అమ్మాయి
ఋషభం నుంచి రి ఎలా వచ్చింది ఐవారూ? మనం ఋషిని "రుషి" అంటాం కదా. రు రావాలి.

పీలేరు_ఐవారు
మంచి ప్రశ్న. మన నోట్లో ఋకారం రు అవుతుంది, ఉత్తరాదివాళ్ళ నోట్లో, తమిళుల నోట్లో రి అవుతుంది. సంగీతం దగ్గరికి వచ్చేసరికి తెలుగువాళ్ళు కూడా రిషభం, రి అనే అంటారు. సంగీతం పిల్లల చేత "రుషభం" అనిపించాలని నేను ప్రయత్నించలేదు.

డో రే మీ సంగతి వేరు. 11వ శతాబ్దంలో ఇటలీలో గైడో అనే క్రైస్తవ సన్యాసి ఒక లాటిన్ స్తోత్రంలో ఒక్కొక్క పాదం ఒక్కొక్క స్వరం ఎత్తులో మొదలవుతోందని గమనించి, ఆ పాదాల మొదటి పలుకులే స్వరాలకి పేర్లు పెట్టాడు. ఉట్, రే, మీ, ఫా, సోల్, లా. తర్వాత ఉట్ పోయి డో వచ్చింది, ఏడోది చేరింది. అంటే వాళ్ళ స్వరాల పేర్లే ఒక పాటలోని మాటల్లోంచి ఊడిపడ్డాయి. ఆ స్తోత్రంలో ప్రతి పాదం మొదలూ పుట్టు స్వరాక్షరం అన్నమాట.

వీణ_టీచర్_తిరుపతి
ఇది భలే చెప్పారు. దీని మీద ఒక క్లాసు తీసుకోవచ్చు.

అలిపిరి_అబ్బోడు
క్లాసు తర్వాత, ఆటలో రూల్స్ మార్చమని అప్పీలు పెడుతున్నా. సంగీత శాస్త్రం రాసిన వెంకటమఖి స్వరస్థానాలకి, అంటే ఒక్కో స్వరంలోని హెచ్చుతగ్గు రకాలకి, ర రి రు, గ గి గు, మ మి, ధ ధి ధు, న ని ను అని పేర్లు పెట్టాడని మా సంగీతం సార్ చెప్పినాడు. అవి కూడా ఒప్పుకుంటే "గురు", "మను", "రమ", "పరమ" అన్నీ వచ్చేస్తాయి.

వీణ_టీచర్_తిరుపతి
మీ సార్ చెప్పింది నిజమే. ఉదాహరణకి మాయామాళవగౌళ ఆ పద్ధతిలో ర గు మ ప ధ ను. శాస్త్రం రాయడానికి, మేళాలు, అంటే తల్లి రాగాలు, గుర్తుపెట్టుకోవడానికి బ్రహ్మాండమైన పద్ధతి. కానీ సంగీతంలో మొదటి పాఠం సరళీ వరుస పాడేటప్పుడు ఎవరైనా "స ర గు మ" అని పాడతారా? ఏ రాగమైనా నోట పలికేది ఆ ఏడే. పాడని అక్షరం స్వరాక్షరం ఎలా అవుతుంది? అప్పీలు కొట్టివేయడమైనది.

తాళ్ళపాక_తట్టు
అప్పీలు పోయినా వెంకటమఖి పేరు వచ్చింది కాబట్టి మేళకర్త పేర్ల ఆట కూడా చెప్పేస్తా. ధీరశంకరాభరణంలో ధీ అంటే 9, ర అంటే 2, తిరగేస్తే 29, అదే మేళం నంబరు. మేచకల్యాణి మే 5, చ 6, తిరగేస్తే 65. శంకరాభరణం ముందు "ధీర", కల్యాణి ముందు "మేచ" తగిలించింది ఈ లెక్క కోసమే. ఇలా ఒక్కో అక్షరానికి ఒక అంకె కట్టే పద్ధతిని కటపయాది అంటారు.

వీణ_టీచర్_తిరుపతి
అదీ మాటల ఆటే, కానీ అక్కడ అక్షరం అంకెగా మారుతుంది. దాన్ని ఇక్కడ కలిపితే ఈ దారం చిక్కుపడిపోతుంది. దానికి వేరే చర్చ పెట్టండి, వస్తాను.

పీలేరు_ఐవారు
అవధానాల్లో సరిగమలు దత్తపదిగా ఇవ్వడం పాత ముచ్చట. నాలుగు మాటలు ఇస్తారు, నాలుగూ పద్యంలో రావాలి, విషయం మాత్రం వాళ్ళు చెప్పిందే. అవధానం పేరెత్తగానే తిరుపతి వేంకట కవులు గుర్తొస్తారు, వాళ్ళది మన తిరుపతే అనుకునేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. ఒకరు దివాకర్ల తిరుపతి శాస్త్రి, ఇంకొకరు చెళ్ళపిళ్ళ వేంకట శాస్త్రి, ఇద్దరి పేర్లూ కలిపితే ఆ జంట పేరు. ఇద్దరూ గోదావరి వైపు వాళ్ళు.

నేను అవధానిని కాను గానీ, సరి, గమ, పద, నిస అనే నాలుగింటితో అలిపిరి మెట్లదారి మీద ఒక ఆటవెలది కట్టాను. తప్పులు పట్టండి.

కొండ మెట్లు సరిగ గోవింద యనుచును
ఎక్కు వారి గమన మెంత సొగసు
పదము నొచ్చెనేని పలుకరు బాధను
స్వామిఁ గని సమయును చాల వెతలు

చంద్రగిరి_గళ్ళనుడి
మామగారు వేళ్ళ మీద గణాలు లెక్కపెట్టారు. "నాలుగో పాదంలో స్వాకీ చాకీ యతి ఎలా?" అని మొదలుపెట్టి, తనే "సకారానికి చకారంతో చెల్లుతుందిలే" అనుకున్నారు. "నిస" రెండు మాటల మధ్య విరిగిందని మాత్రం కొంచెం మూతి విరిచారు. ఆయనకి ఇక్కడ ఖాతా తెరిచి ఇవ్వమంటున్నారు. నాకు టెన్షన్‌గా ఉంది.

పీలేరు_ఐవారు
దత్తపదిలో విరవడమే అందం అని చెప్పండి. ఇచ్చిన మాట ఇచ్చిన అర్థంతోనే వాడేస్తే అందులో గొప్పేముంది? ఖాతా తప్పకుండా తెరిపించండి, నాకు తోడు దొరుకుతుంది.

చిత్తూరు_కీబోర్డ్
టీచర్ గారు అన్న మాట నా బుర్రలో తిరుగుతా ఉంది. కాగితం మీద పేర్చడం కాదు, పాడాలి అన్నారు కదా. అయితే ఆటకి రాగం కళ్ళెం వేద్దాం. ఒక రాగం చెప్తే ఆ రాగంలో ఉన్న స్వరాలతోనే వాక్యం రావాలి. నేను కీబోర్డు మీద వాయించి, వినేట్టు ఉందో లేదో చెప్తా. మొదట మోహనం: స రి గ ప ద. మ, ని నిషేధం.

అలిపిరి_అబ్బోడు
"పద పద, దాసరిగారి దారి."

చిత్తూరు_కీబోర్డ్
వాయించా. "పద పద" బ్రహ్మాండం, నడక మొదలైనట్టే ఉంది. "దాసరిగారి" వరకు పై స్థాయిలో హాయిగా పోయింది. "దారి" దగ్గర రి నుంచి కిందికి ద మీద పడి మళ్ళీ రి మీదికి దూకాలి, అక్కడ కాస్త కుదుపు. గమకం పెడితే, అంటే స్వరాన్ని కాస్త ఊపితే, సర్దుకుంటుంది. పాస్.

పుత్తూరు_అమ్మాయి
తర్వాత హిందోళం పెట్టండి. తాళ్ళపాక వారి పరువు కాపాడాలి.

చిత్తూరు_కీబోర్డ్
హిందోళం: స గ మ ద ని. రి, ప రెండూ లేవు. కష్టం. "గారి", "దారి", "సరి" అన్నీ పోయాయి.

పీలేరు_ఐవారు
"మగని గని మానిని సాగదా!" మ గ ని గ ని మా ని ని సా గ దా. భర్తను చూసి ఆ మానిని కదలకుండా ఉంటుందా అని అర్థం. పదకవుల నాయిక అనుకోండి.

వీణ_టీచర్_తిరుపతి
ఐవారూ, ఇది వీణ మీద పలికించాను. "మగని" తర్వాత "గని"కి గాంధారం నుంచి నిషాదానికి ఎగరడం హిందోళంలో అంత సహజం కాదు, కానీ మంద్ర నిషాదం, అంటే కింది స్థాయి ని, పట్టుకుంటే దారి దొరికింది. మానిని మీద నిషాదాన్ని రెండుసార్లు నొక్కితే నాయిక మొండితనం కనబడింది. "సాగదా" చివర ధైవతం మీద ఆగితే ప్రశ్నలాగే ఉంది. ఇప్పుడు ఇవి స్వరాక్షరాలే, నేను సంతకం పెడతాను.

తాళ్ళపాక_తట్టు
పరువు నిలబెట్టినందుకు దండాలు ఐవారూ. నాలుగే స్వరాలున్న రాగాలు కూడా ఉన్నాయి కదా, వాటితో అవుతుందా?

వీణ_టీచర్_తిరుపతి
బాలమురళీకృష్ణ గారు అలాంటివి చేశారు. లవంగిలో స రి మ ద. మహతిలో స గ ప ని. మహతి అంటే నారదుడి వీణ పేరు, మన ఊరి ఆడిటోరియానికి కూడా అదే పేరు. అక్షరాలు నాలుగే కాబట్టి మాట దొరకడమే గగనం. ప్రయత్నించండి చూద్దాం.

పుత్తూరు_అమ్మాయి
స గ ప ని... పాప, పని, గని, నిగనిగ. వాక్యం రావడం లేదు.

తాళ్ళపాక_తట్టు
మా ఇంటి ప్లాను కాగితాల కోసం నెలలుగా ఒక ఆఫీసు చుట్టూ తిరుగుతున్నాను. వాళ్ళ పుణ్యమా అని దొరికింది: "సాగని పని". సా, గ, ని, ప, ని. మహతి రాగం, శుద్ధ స్వరాక్షరం.

అలిపిరి_అబ్బోడు
అన్నా 🙏 ఇంక ఈ రాగం ఎవరూ ముట్టుకోవద్దు.

చిత్తూరు_కీబోర్డ్
వాయించా. చివర ని మీద ఆగిపోయి సా కోసం చూస్తా ఉంటుంది, సా రాదు. పని సాగనట్టే ఉంది.

వీణ_టీచర్_తిరుపతి
ఈ దారంలో ఇంతవరకు వచ్చినవాటిలో నాకు నచ్చింది ఇదే. మాటకి ఉన్న అర్థాన్నే స్వరం కూడా చెప్తోంది. కుదిరిందంటే ఇలా కుదరాలి.

అలిపిరి_అబ్బోడు
హంసధ్వనికి నా పాత వాక్యమే పనికొస్తుంది. "మా మామగారి పని సరి."

వీణ_టీచర్_తిరుపతి
హంసధ్వనిలో మధ్యమం లేదు అబ్బీ. స రి గ ప ని మాత్రమే. మామగారిని తీసెయ్యాలి.

చంద్రగిరి_గళ్ళనుడి
ఈ మాట ఆయనకి చదివి వినిపించను.

పీలేరు_ఐవారు
మామని తీసేస్తే "గారి పని సరి" మిగులుతుంది. ఎవరి గారి?

పుత్తూరు_అమ్మాయి
"పాపగారి పని సరి." పా, ప, గా, రి, ప, ని, స, రి. హంసధ్వనికి సరిపోయింది, వాయించండి కీబోర్డన్నా.

చిత్తూరు_కీబోర్డ్
వాయించా. పనిసరి దగ్గర పైకి ఎక్కడం భలే ఉంది. రాత్రికి మా పాప చేత పాడించి రికార్డింగు ఇక్కడ పెడతా. కల్యాణిలో ఎవరు మొదలుపెడతారు? ఏడు స్వరాలూ ఉన్నాయి, ఈసారి అన్నీ వాడాలి.